తలంటూ అభిషేకమూ

ఒక మాట నా నోరు ఎలా మూయించిందో ముందు చెప్పి, తర్వాత ఆ మాట సంగతి మొదలుపెడతాను.

2013 చలికాలం. మేముండే ఊళ్ళో పద్నాలుగు తెలుగు క్రైస్తవ కుటుంబాలం నెలకో శనివారం ఎవరో ఒకరింటి బేస్‌మెంట్‌లో కలుసుకునేవాళ్ళం. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత పులిహోర, కోడికూర. లెక్కలు రాసే పని నాది. సాఫ్ట్‌వేర్ వాడు కనబడితే ఎక్సెల్ షీటు వాడి నెత్తిన పెట్టడం మనవాళ్ళ ఆచారం కదా! ఆ యేడు ఇండియా నుంచి ఒక దైవజనుడు వచ్చి మూడు రోజులు కూటాలు జరిపారు. చివరి రోజున చిన్న సీసాల్లో "అభిషేక తైలం" పంచారు. అక్కడ పిల్లల వసతిగృహం కడుతున్నామంటే అందరం చేతనైనంత కానుక ఇచ్చాం. ఆర్నెల్లయ్యాక, ఖర్చెంతయింది, గోడలు ఎందాకా లేచాయి, ఒక్క కాగితం పంపమని మర్యాదగానే రాశాను. ఆయన దగ్గర్నుంచి జవాబు రాలేదు. మా కూటంలో నేను అన్నయ్యా అని పిలుచుకునే పెద్దాయన ఫోన్ చేసి, "తమ్ముడూ, అభిషిక్తుల జోలికి పోకూడదు. లెక్కలు దేవుడు చూసుకుంటాడు" అన్నారు.

ఊరుకున్నాను. ఆయన చెప్పింది నచ్చి కాదు. అభిషిక్తుడన్న మాట వినగానే గొంతులో ఏదో అడ్డం పడింది. పగలంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే మనిషిని, జీతమే దానికి తీసుకునేవాణ్ణి, ఒక్క మాటకి ఎందుకు తగ్గాను? ఆ ప్రశ్నే నన్ను గ్రీకు నిఘంటువుల దాకా తీసుకెళ్ళింది. నేను పండితుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు. ఈ భాష రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నది. ఈ సంచిక చదివేవారిలో చాలామందికి బైబిలుతో పరిచయం ఉండకపోవచ్చు. ఫరవాలేదు. ఇది మతం గురించి రాస్తున్న వ్యాసం కాదు. ఒక అనువాదం గురించీ, ఒక తెలుగుమాట బరువు గురించీ.

అభిషేకం అనగానే మీకేం గుర్తొస్తుంది? రాముడి పట్టాభిషేకం. శివుడికి రుద్రాభిషేకం. మాది గుంటూరు జిల్లాలో క్రైస్తవ కుటుంబమే అయినా, కార్తీకమాసంలో శివాలయం మైకు వింటూ పెరిగినవాణ్ణి గనక నాకూ అవే గుర్తొస్తాయి. సంస్కృతంలో 'సిచ్' అన్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. తడపడం, చిలకరించడం, పోయడం దాని అర్థాలు. పైనుంచి కిందికి ధారగా పడేది అభిషేకం. కింద ఉన్నది దేవుడి విగ్రహం, కాకపోతే సింహాసనం మీది రాజు. మీరూ నేనూ అక్కడ చేతులు కట్టుకుని నిలబడి చూసేవాళ్ళం.

మన తెలుగు బైబిల్లో ఈ మాట వచ్చే ముఖ్యమైన చోట్ల గ్రీకులో ఉన్నది 'క్రీయో' అన్న క్రియ, దాన్నుంచి పుట్టిన 'క్రీస్మా' అన్న నామవాచకం. క్రీయో అంటే పోయడం కాదు. పూయడం, రాయడం, పట్టించడం. హోమర్ కావ్యం ఒడిస్సీలో తండ్రిని వెతుక్కుంటూ టెలిమాకస్ నెస్టర్ ఇంటికి వస్తాడు. నెస్టర్ చిన్నకూతురు అతనికి స్నానం చేయించి ఒంటికి నూనె పట్టిస్తుంది. అక్కడ వాడిన క్రియ క్రీయోనే. ప్రయాణపు బడలిక తీరడానికి ఇంటికొచ్చిన అతిథికి చేసే మర్యాద అది. ఆ తర్వాత క్రీ.పూ. 428లో యూరిపిడీస్ ప్రదర్శించిన 'హిప్పోలిటస్' నాటకంలో, ప్రేమజబ్బుతో కుమిలిపోతున్న రాణి ఫేడ్రాకి దాది ఏదో మందు ఉందంటుంది. అది ఒంటికి పూసేదా, తాగేదా అని రాణి అడుగుతుంది. 'పూసేది' అనడానికి ఆ నాటకంలో వాడిన మాట ఏమిటో తెలుసా? 'క్రీస్తోస్'. అక్షరాలా పూతమందు!

నేనీ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ ఏ పేరున మోకరించానో, ఆ పేరు గ్రీకు వైద్యుడి అల్మరాలో సీసా మీద ఉండదగ్గ మాట.

మరి పూతమందు మాట రక్షకుడి బిరుదు ఎలా అయింది? దానికి దారి హీబ్రూ నుంచి వచ్చింది. హీబ్రూలో 'మాషహ్' అన్న క్రియకు నూనె పూసి రాజుగానో యాజకుడిగానో నియమించడం అన్న అర్థం స్థిరపడింది. అలా నూనె అందుకున్నవాడు 'మాషియహ్', అంటే మెస్సీయ. యూదులు తమ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చుకున్నప్పుడు, సెప్టువజింట్ అనే ఆ అనువాదంలో, మాషహ్‌కి ఎక్కువగా క్రీయో వాడారు. మాషియహ్ క్రీస్తోస్ అయ్యాడు. ఆ హీబ్రూ మాట కూడా మొదట్నుంచీ గుడి మాటేం కాదు. యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయంలో ఒక రాజు కూలివాళ్ళకి జీతమివ్వకుండా మేడ కట్టుకుని ఎర్రరంగు వేయించుకుంటాడు. ఆ రంగు పూయడానికి హీబ్రూలో మాషహ్, సెప్టువజింట్‌లో క్రీయో. రాజు తలకి నూనె పూయడానికీ, రాజుగారి గోడకి రంగు పూయడానికీ ఒకే మాట.

కొత్త నిబంధనలో నూనె పూయడానికి ఇంకో క్రియ కూడా ఉంది, 'అలైఫో'. డబ్లిన్ ఆర్చిబిషప్పుగా పనిచేసిన రిచర్డ్ ట్రెంచ్, 1854లో తొలిసారి వెలువడిన తన పర్యాయపదాల పుస్తకంలో ఈ రెంటికీ మధ్య గీత గీశాడు. అలైఫో లౌకికమైన మాట, క్రీయో పవిత్రమైన మాట అని. ఇప్పటికీ ప్రసంగాల్లో ఈ విభజన వినిపిస్తూనే ఉంటుంది. నాకున్న వృత్తిదోషం కొద్దీ లెక్కపెట్టి చూశాను. కొత్త నిబంధనలో అలైఫో తొమ్మిదిసార్లు వస్తుంది. తొమ్మిదిసార్లూ పూసేది మనుషుల చేతులే. క్రీయో అయిదుసార్లు వస్తుంది. అయిదుసార్లూ కర్త దేవుడే. ట్రెంచ్ గీత చక్కగా నిలబడినట్టే ఉంది.

కానీ అయిదు ఉదాహరణలు చూసి సూత్రం రాస్తే ఏ మేనేజరూ ఒప్పుకోడు. ఇంకొంచెం తవ్వాలి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసు ఉమ్మితో మట్టి కలిపి పుట్టుగుడ్డివాడి కళ్ళకి పూస్తాడు. ఆ పూయడం 'ఎపిక్రీయో', క్రీయోకి ఉపసర్గ చేర్చిన రూపం. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో కళ్ళకి పెట్టుకునే మందు విషయంలోనూ క్రీయో కుటుంబపు క్రియే ఉంది. అటు చూస్తే సెప్టువజింట్‌లో యాజకుల ప్రతిష్ఠకీ, బేతేలులో యాకోబు నిలబెట్టిన రాయికీ 'లౌకికమైన' అలైఫో కనిపిస్తుంది. యాజకుల విషయం ట్రెంచ్ కూడా మినహాయింపుగా ఒప్పుకున్నాడు. నాకు తోచిందేమంటే, పవిత్రత క్రియాపదంలో లేదు. ఎవరు, ఎవరికి, ఎందుకు పూశారన్నదాన్ని బట్టి అదే మాట పైకీ కిందికీ తిరుగుతుంది. బురద పూసినా అదే కుటుంబం, రాజుని చేసినా అదే కుటుంబం.

ఇప్పుడు మన తెలుగు అనువాదకుల దగ్గరికి వద్దాం. వాళ్ళని తప్పుపట్టడానికే ఈ వ్యాసం రాస్తున్నాననుకునేరు. కాదు. ఇంగ్లీషు బైబిలు సాధారణంగా ఈ రెండు క్రియలకీ ఒకే మాట వాడి ఊరుకుంటుంది. మనవాళ్ళు వేరు చేశారు. అలైఫో ఉన్నచోట నూనె రాయడం, పూయడం వచ్చాయి. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో, ఉపవాసమున్నప్పుడు ముఖం వేలాడేసుకోకుండా తలకి నూనె రాసుకొమ్మని యేసు చెప్పేచోట, మన బైబిల్లో ఉన్న క్రియ ఏమిటంటే, తల అంటుకోవడం. తలంటు! దీపావళి పొద్దున మీ అమ్మగారు పీట వేసి మీకు చేసినదే. ఆ మాట ఎంచుకున్న మనిషి ఎవరో గానీ చెవి ఉన్నవాడు.

లూకా సువార్త ఏడో అధ్యాయంలో ఇది ఇంకా బాగా పండింది. సీమోను అనే పరిసయ్యుడు యేసుని భోజనానికి పిలుస్తాడు. ఊరంతా పాపాత్మురాలని పిలిచే ఒకామె లోపలికొచ్చి ఏడుస్తూ ఆయన పాదాలకి అత్తరు పూస్తుంది. ఈయన ప్రవక్తే అయితే తనను ముట్టుకుంటున్నది ఎలాంటిదో తెలుసుకోడా అని సీమోను లోలోపల అనుకుంటాడు. దానికి యేసు జవాబులో, నువ్వు నా తలకి నూనె అంటలేదు, ఈమె పాదాలకి అత్తరు పూసింది అన్న పోలిక ఉంది. గ్రీకులో రెండుచోట్లా అలైఫోనే. తెలుగులో మొదటిదానికి అంటడం, రెండోదానికి పూయడం. 'అంటు' అన్న మాటకి మన భాషలో ఏమేం అర్థాలున్నాయో మీకు నేను చెప్పాలా? నూనె అంటడం ఉంది, తగలడం ఉంది, మైల ఉంది, అంటరానితనం ఉంది. మా తాతని ఊళ్ళో అంటరానివాడన్నారు. చెరువు గట్టున ఆయన కడవకి ఎవరో పైనుంచి నీళ్ళు పోస్తే తెచ్చుకునేవాడట. ఆయనకి ఈ అధ్యాయం చదివి వినిపించిన వాళ్ళ నోట, ముట్టుకోవడం గురించి గొణిగిన ఇంటాయనతో 'నువ్వు నా తల అంటలేదు' అన్న మందలింపు ఎలా వినబడి ఉంటుంది? గ్రీకులో లేని ఈ ధ్వని తెలుగు ఇచ్చిన కానుక. ఇలాంటిది చూసినప్పుడు అనువాదం మూలానికి నీడ మాత్రమే అనే మాట నాకు నమ్మబుద్ధి కాదు.

ఇంత చెవి ఉన్న అనువాదంలో నాకు లోటుగా తోచిన చోటు ఒక్కటే. అది యోహాను రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం. క్రీస్మా అన్న నామవాచకం కొత్త నిబంధన మొత్తంలో మూడుసార్లే వస్తుంది, మూడూ ఇక్కడే. 20వ వచనంలో ఒకటి, 27వ వచనంలో రెండు. మూడుచోట్లా తెలుగులో అభిషేకమే.

ముందు సందర్భం చెప్పాలి. ఆ సంఘం చీలిపోయింది. కొందరు బయటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు బెదిరిపోయి ఉన్నారు. వెళ్ళినవాళ్ళకి తెలిసిన రహస్యం మనకి తెలియదేమో, మనమే తక్కువవాళ్ళమేమో అన్న గుబులు. వాళ్ళకి రచయిత రాస్తాడు, పరిశుద్ధుడి నుంచి వచ్చిన క్రీస్మా మీకుంది అని. అది మీలో నిలిచి ఉంది, ఎవరూ మీకు కొత్తగా బోధించనక్కర్లేదు అని.

ఇక్కడ మూడు సంగతులు అభిషేకం అన్న మాటలో జారిపోయాయని నా అభిప్రాయం.

మొదటిది వ్యాకరణం. గ్రీకులో '-మా' చివర వచ్చే నామవాచకాలు ఎక్కువగా పని వల్ల మిగిలినదాన్ని చెబుతాయి. తెలుగులో పోలిక చెప్పాలంటే, రాయడం పని, రాత మిగిలేది. పూయడం పని, పూత మిగిలేది. క్రీస్మా పూత లాంటిది. నిర్గమకాండం 30వ అధ్యాయంలో బోళం, దాల్చినచెక్క వగైరా ఒలీవనూనెలో కలిపి చేసే పవిత్ర తైలానికి సెప్టువజింట్ ఈ మాటే వాడింది. చేసే తంతుకి కాదు, నూనెకి. అభిషేకం అన్నామంటే మనకి తంతు వినబడుతుంది. తంతు అంటే చేయించేవాడు ఒకడుండాలి. నూనె అంటే మన దగ్గరున్న వస్తువు. ఆ నూనె దేనికి గుర్తు అన్నదాని మీద పండితుల్లో ఒకే మాట లేదు. పరిశుద్ధాత్మ అంటారు చాలామంది. మొదట్నుంచి విన్న సువార్త వాక్యమే అని సి.హెచ్. డాడ్ వాదించాడు. ఏదైనా, అది వాళ్ళ దగ్గర ఉన్నదే.

రెండోది చుట్టరికం. ఈ పేరాలోనే రచయిత 'అంతిక్రీస్తోస్' అన్న మాట వాడతాడు. మన బైబిల్లో క్రీస్తు విరోధి. గ్రీకులో వింటే క్రీస్తోస్, అంతిక్రీస్తోస్, క్రీస్మా మూడూ ఒక్క తల్లి పిల్లలని చెవికే తెలుస్తుంది. ఆయన నూనె అందుకున్నవాడు, మీ దగ్గరా ఆ నూనె ఉంది అన్న వాదన శబ్దంలోనే జరిగిపోయింది. తెలుగులో క్రీస్తు ఒక పేరు, అభిషేకం ఒక సంస్కృత పదం. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని పక్కన కూర్చుని ఎవరో చెబితే తప్ప తెలియదు.

మూడోది నిలిచి ఉండడం. ఆ మధ్య మా అమ్మ వచ్చినప్పుడు మనవడి తలకి నువ్వులనూనె పట్టించి, వాడు వీడియో గేమ్ కోసం లేచిపోబోతే, "కూర్చోరా, ఇంకనీ" అని భుజం పట్టి కూలేసింది. వాడికి ఇంకడం అన్న మాట తెలియదు, నా వంక చూశాడు. ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయాను. నాకు ఆ పత్రికలోని క్రియ గుర్తొచ్చింది. అభిషేకం నీళ్ళు విగ్రహం మీంచి జారి గోముఖం గుండా బయటికి పోతాయి. మనం తీర్థంగా పట్టుకునేది ఆ జారిన నీళ్ళే. పట్టించిన నూనె ఇంకుతుంది. అది మీలో నిలుస్తుంది అన్నప్పుడు రచయిత మనసులో ఉన్నది ఇంకిపోయే నూనె అయ్యుండాలని నేననుకుంటాను.

20వ వచనం చివర మరో చిక్కుంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 'పాంతా', అంటే మీరు సమస్తమూ ఎరుగుదురు అని ఉంది. మన వాడుక బైబిలు దీన్నే తీసుకుంది. సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి మొదలైన వాటిలో 'పాంతెస్', అంటే మీరందరూ ఎరుగుదురు అని ఉంది. ఇప్పటి గ్రీకు పాఠాలు దీన్నే ముద్రిస్తాయి. ఒకట్రెండు అక్షరాల తేడా. సమస్తం తెలిసినవాడు ఒక్కడైనా కావచ్చు. అందరికీ తెలిసినదైతే ఒక్కడి సొత్తు కాలేదు. నిర్గమకాండంలోని తైలాన్ని మామూలు మనుషుల ఒంటికి పూయకూడదు, అలాంటిది ఇంకొకటి చెయ్యనూ కూడదు. ఆ తైలం పేరే ఇక్కడ, బెదిరిపోయి ఉన్న ఒక చిన్న గుంపు మొత్తానికి, మీకుంది అని చెప్పారు. బోధకులే వద్దని దీని అర్థం కాదు, ఆ ఉత్తరం రాసినవాడే బోధకుడు. మాకు ఎక్కువ నూనె ఉంది, మీరు నోరు మూసుకోండి అనే బోధకుడికి మాత్రం ఇక్కడ చోటు లేదు.

అయితే ఏ మాట వాడాలి అంటారా? పూత అంటే గోడకి సున్నం గుర్తొస్తుంది. తలంటు అంటే షాంపూ గుర్తొస్తుంది. అభిషేక తైలం అన్నది అర్థానికి దగ్గరే గానీ, ఆ పేరు సీసాల మీదికి ఎక్కిపోయింది! అందుకని మాట మార్చమని నేను కోరడం లేదు. రాజుల విషయంలో అభిషేకం సరిగ్గా సరిపోయింది కూడా. సమూయేలు సౌలు తల మీద నూనె పోశాడనే ఉంది. ఆ ఒక్క అధ్యాయం చదివేటప్పుడు మాత్రం, అభిషేకం అన్న మాట పక్కన మత్తయిలోని తలంటుని కూడా కూర్చోబెట్టుకుని చదవమంటాను. ఒకటి సింహాసనం నుంచి వచ్చింది, రెండోది పెరట్లోని పీట మీంచి. ఆ పత్రిక అర్థం రెంటికీ మధ్య ఎక్కడో ఉంది.

ఇక నా నోరు మూయించిన వాక్యం. అభిషిక్తుల్ని ముట్టకూడదన్నది 105వ కీర్తన 15వ వచనం నుంచి వచ్చింది. దానికి పైన మూడు వచనాలు చదివి చూడండి. ఈ అభిషిక్తులెవరు? రాజులు కాదు, యాజకులు కాదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు సంతతి. కొద్దిమంది, పరాయి దేశంలో ఉంటున్నవాళ్ళు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళని ముట్టవద్దని హెచ్చరిక ఎవరికి? రాజులకి. అంటే అధికారం ఉన్నవాడికి, వలస వచ్చినవాడి తరఫున చెప్పిన మాట. దాన్ని తిప్పి, వలస వచ్చిన పద్నాలుగు కుటుంబాల నోళ్ళు మూయడానికి వాడారు, వాడనిచ్చాం.

దావీదు మాటో? తనని తరుముతున్న సౌలు గుహలో ఒంటరిగా చిక్కితే, అభిషిక్తుడి మీద చెయ్యెత్తనన్నాడు. నిజమే. కానీ వెంటనే గుహ బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు చేత్తో ఎత్తి చూపిస్తూ, నా తప్పేమిటో చెప్పు అని అందరూ వినేలా అడిగాడు. చెయ్యి ఎత్తలేదు, ప్రశ్న మానలేదు. సాక్ష్యం కూడా చూపించాడు. లెక్కలు రాసేవాడికి ఇంతకంటే మంచి ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది!

మొన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన వయసు డెబ్బై దాటింది, మా కూటం ఇప్పుడు అయిదు కుటుంబాలకి తగ్గింది. గ్రీకు సంగతులేవీ ఎత్తలేదు. ఆ కీర్తన పన్నెండో వచనం నుంచి తెలుగులో చదవమన్నాను. అద్దాలు వెతుక్కుని చదివారు. పదిహేను దగ్గర ఆగి, "ఇది మన గురించేనేంట్రా?" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "ఆ వసతిగృహం డబ్బు ఎంత తమ్ముడూ?" అని అడిగారు. షీటు తెరిచి చెప్పాను.

ఈసారి ఉత్తరం కింద సంతకాలు రెండు ఉన్నాయి. జవాబు కోసం చూస్తున్నాం.